బిళ్ళ ఉందండి

గని మూతపడి తొమ్మిదేళ్ళయింది. మనుషులు పని మానేశారు గానీ ఆ ఊళ్ళో నేల మాత్రం మానలేదు. రోజుకింత చొప్పున దిగుతూనే ఉంది. వందేళ్ళ పాటు కింద బొగ్గు తవ్వుకుంటూ, ఆ తవ్విన దాని మీదే ఇళ్ళు కట్టుకుని కాపురాలు చేస్తే ఏమవుతుందో అదే అవుతోంది. అందులో నేల తప్పేమీ లేదు. తలుపు వేస్తే పడదు, పడిన తలుపు తీస్తే రాదు. నేల మీద పెట్టిన చెంబు చూస్తుండగానే జరిగి జరిగి గోడ వారకు పోయి నిలబడుతుంది. వాన వెలిశాక పాత గని వైపు పగుళ్ళలోంచి సన్నగా పొగ లేస్తుంది. ఊరి చివర నేల ఇంకా గట్టిగా ఉన్న చోట మిగిలిన నాలుగు గడపల వాళ్ళూ దాన్ని చూసి, "కింద వంట మొదలెట్టారు," అని నవ్వుకుంటారు. ఏడిచి ఏడిచి విసుగెత్తిన వాళ్ళు నవ్వుకోక ఏం చేస్తారు?

గోడ పగిలిన చోటల్లా గని కంపెనీ ఆఫీసు నుంచి కొలతల గుమాస్తా వచ్చి, పగులుకు అడ్డంగా కాగితం ముక్క అతికించి, దాని మీద తేదీ వేసి పోయేవాడు. కాగితం చిరిగిందంటే గోడ ఇంకా కదులుతోందని అర్థం. చిరిగిన ఇంటివాళ్ళు తట్టాబుట్టా సర్దుకుని ఆరు మైళ్ళ అవతల కట్టిన కొత్త కాలనీకి పోవాలి. అలా ఒక్కో వరుసే చిరుగుతూ, ఒక్కో వరుసే ఖాళీ అవుతూ వచ్చింది. చివరికి పగుళ్ళు పడ్డ ఇళ్ళలో పదిహేడో నంబరు ఇంటి కాగితం ఒక్కటే చిరక్కుండా మిగిలింది.

అదెందుకు చిరుగుతుంది? చిరిగినప్పుడల్లా ఆ ఇంటావిడ పిండి ఉడకేసి, కొత్త కాగితం కత్తిరించి అతికించి, పాత తేదీనే దాని మీద గుండ్రంగా రాసి పెడుతోంది. గుమాస్తా మూడుసార్లు మోసపోయాడు. నాలుగోసారి చూస్తే కాగితం మీద చారలున్నాయి.

"ఇది మా కాగితం కాదమ్మా. పిల్లల నోటు పుస్తకంలోది."

"మీ కాగితం నాసిరకం బాబూ, ఊరికే చిరిగిపోతోంది. నేను గట్టిది వేశాను," అంది ఆవిడ.

గుమాస్తాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పగులులో చెయ్యి పెట్టి చూస్తే మణికట్టు దాకా పోయింది. శుక్రవారం పొద్దున లారీ వస్తుందనీ, అదే ఆఖరి గడువనీ చెప్పి వెళ్ళిపోయాడు.

దీపాలాయన ఇల్లు పదహారో నంబరు. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆయన కాగితం ఎప్పుడో చిరిగింది గానీ, పక్కింటావిడతోనే పోదామని ఆగాడు. ముప్పై రెండేళ్ళు గనిలో దీపాల గది చూసినవాడు కనక ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేది. అసలు పేరు ఓటరు కార్డుకు తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. పదిహేడో నంబరు ఆవిడ ఆయనకు తోడబుట్టిందీ కాదు, చుట్టమూ కాదు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజున బకెట్టు అడగడానికి వచ్చి "అన్నయ్యా" అంది, ఈయన "ఏం చెల్లెమ్మా" అన్నాడు, అంతే. ఆ వరసన ఆవిడ మొగుడు, గనిలో నీళ్ళు తోడే పంపు నడిపేవాడు, ఈయనకు బావ అయ్యాడు. అసలు చుట్టాలు పండక్కో పబ్బానికో కనపడతారు. నోటి మాటతో కలిసిన చుట్టరికాలు మాత్రం పొద్దున్న లేస్తే గుమ్మంలో ఉంటాయి.

దీపాలాయన భార్య పోయి పదహారేళ్ళు. ఆ మర్నాటి నుంచీ ఆయన కిటికీ గట్టు మీద మధ్యాహ్నం అయ్యేసరికి గిన్నె నిండా కూర తయారు. గిన్నె ఈయనదే, ఒక పక్క చొట్టపడినది. తిని కడిగి గట్టు మీద పెడితే చెల్లెమ్మ పట్టుకుపోతుంది, మళ్ళీ నింపి తెస్తుంది. జ్వరం వచ్చినా, వాన వచ్చినా, ఆఖరికి ఇద్దరికీ మాటామాటా వచ్చి రెండు రోజులు పలకరించుకోకపోయినా గిన్నె మాత్రం ఆగలేదు. ఆ గిన్నె మూత తీసినప్పుడల్లా ముద్ద ఆయన గొంతుకు అడ్డం పడేది. పదహారేళ్ళు అలా అడ్డం పడుతూనే తిన్నాడు. ఎందుకడ్డం పడేదో ఆయనకొక్కడికే తెలుసు.

బుధవారం మధ్యాహ్నం చెల్లెమ్మ కూతురు పట్నం నుంచి వచ్చింది. బస్సులో కండక్టరు. మామూలుగా మాట్లాడినా వెనక సీటు దాకా వినపడుతుంది. సరాసరి పదహారో నంబరుకే వచ్చి కూలబడింది.

"మావయ్యా, ఇక నువ్వే చెప్పాలి. నా మాట వినదు. నిన్న వంటగది మూల జానెడు దిగిందట, ఇంకా అక్కడే పొయ్యి పెట్టుకుని కూర్చుంది. ఇల్లు నెత్తిన పడితే గానీ కదలదా?"

"నేను చెబితే మాత్రం వింటుందా తల్లీ?"

"నువ్వు చెబితేనే వింటుంది. కదలనని ఎందుకంటోందో తెలుసా? మీ నాన్న తిరిగొస్తే ఏ గుమ్మానికి వస్తాడే అంటోంది! ఇరవై ఒక్కేళ్ళు, మావయ్యా! నాకు తొమ్మిదేళ్ళప్పుడు చెప్పాపెట్టకుండా పోయినవాడు ఇప్పుడొస్తాడట, వచ్చి నంబరు చూసుకుని తలుపు కొడతాడట." ఆమె గొంతు ఇంకా పెరిగింది. "నేను తిరగని ఊరు లేదు. ప్రతి బస్టాండులోనూ ఆ వయసు ముసలాళ్ళందరి మొహాలూ చూశాను. ప్రేమ కారిపోయి కాదు. కనపడితే చొక్కా పట్టుకుని పదిమందిలో నిలబెడదామని. బళ్ళో నన్ను లేచిపోయినవాడి కూతురనేవాళ్ళు, తెలుసా నీకు?"

తెలుసు. ఆయన తేలుకుట్టిన దొంగలా తల వంచుకుని చాప అంచు పీకుతూ కూర్చున్నాడు.

"నువ్వే ఏదో ఒకటి చెప్పు. పోయాడని చెప్పు, ఎక్కడో చచ్చాడని చెప్పు. అబద్ధమైనా ఫరవాలేదు," అంది ఆ పిల్ల. "నా బతికున్న అమ్మ నాకు కావాలి."

సరే చెబుతానన్నాడు దీపాలాయన. ఇరవై ఒక్కేళ్ళుగా ఎవరూ అడగలేదు కనక చెప్పలేదని తనకు తాను సర్ది చెప్పుకుంటూ వచ్చాడు. ఇప్పుడు అడగనే అడిగారు. అదీ అబద్ధం చెప్పమని!

అసలు జరిగిందేమిటో ఇక్కడ చెప్పుకోవాలి. గనిలో దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది, దాని మీద అతని నంబరు. దీపాల గదిలో పెద్ద చెక్క బోర్డు, దానికి వరసగా కొక్కేలు. దిగేటప్పుడు మనిషి తన బిళ్ళ తీసుకుని జేబులో వేసుకుంటాడు, టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక రెండూ తిరిగిస్తాడు. కొక్కెం ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని. కొక్కేలన్నీ నిండితే గనిలో పురుగు కూడా లేదని. గనిలో మనిషి మాట నమ్మరు, బిళ్ళ మాట నమ్ముతారు. ఎవరు ఎంత ప్రమాణం చేసి చెప్పినా చివరికి బోర్డు కేసే చూస్తారు.

రెండు గంటలకు అందరూ పైకొస్తారు. పంపు బావ మాత్రం రాడు. మర్నాటికి నీళ్ళు నిండకుండా ఇంకో గంట పంపు నడిపి, గుంట అడుగు కనపడ్డాక గానీ కదలడు. అతని బిళ్ళ వచ్చేదాకా దీపాల గది మూయడానికి వీల్లేదు. ఆ రోజుల్లో దీపాలాయన భార్య మంచానపడి ఉంది. రెండింటికి ఈయన ఇల్లు చేరి ముద్ద పెట్టి మందు వేస్తే తప్ప ఆ మనిషికి గడవదు. ఆ అవస్థ చూసి ఉపాయం చెప్పింది బావే.

"నా బిళ్ళ అసలు తియ్యొద్దు బావా. కొక్కేనికే ఉండనీ. రెండింటికి బోర్డు నిండుతుంది, నువ్వు తాళం వేసుకుని పో. నేను నడక దారిన పైకొచ్చి, నా దీపం నీ దీపాల గది కిటికీ గట్టు మీద పెట్టి పోతా. పొద్దున్నే తీసుకో."

"ఎవరైనా చూస్తే?"

"చూస్తే నీ ఉద్యోగం పోతుంది. ఇద్దరం కలిసి పంపు నడుపుదాం. ఒంటరిగా విసుగ్గా ఉంది నాకు."

అలా మొదలైంది. దీపాల అరలో బావ దీపం చోటు ఖాళీగా కనపడకుండా, పాడైపోయిన దీపం ఒకటి తెచ్చి అక్కడ పెట్టేవాడు దీపాలాయన. పదకొండు నెలలు అలాగే జరిగింది. పొద్దున్నే వచ్చేసరికి గట్టు మీద దీపం, దాని పక్కన ఒక్కోసారి నీళ్ళలో దొరికిన నున్నటి రాయి, 'అద్దె' అని బొగ్గుతో గోడ మీద రాత. బావలిద్దరికీ అదొక ఆట.

ఆ రోజు మూడు గంటలకు కప్పు కూలింది. పంపు ఉన్న వైపే. నాలుగింటికి భార్య నోట్లో చెంచాతో మందు పోస్తున్న దీపాలాయన్ను పిలుచుకుపోయారు. గది ముందు అధికారులు, కూలీలు, అరుపులు. ఆయన తాళం తీసే ముందు కిటికీ గట్టు చూశాడు. దీపం లేదు. చేత్తో తడిమి కూడా చూశాడు.

బండ్లు తోసే మనిషి ఒకడు, "మేమొచ్చేటప్పుడు పంపాయన కిందే ఉన్నాడండీ," అన్నాడు. పెద్ద అధికారి ఈయన వైపు తిరిగి, "పంపు మనిషి పైకొచ్చాడా?" అని అడిగాడు. అప్పుడు ఐదయింది.

దీపాలాయన బోర్డు కేసి చూశాడు. నిండుగా మెరుస్తోంది.  పైకొచ్చాడని ఆయన అనలేదు, ఆ సంగతి ఆ తరవాత తనకు తాను వెయ్యిసార్లు చెప్పుకున్నాడు. అన్నది ఒకటే మాట.

"బిళ్ళ ఉందండి."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రిజిస్టరులో అందరూ పైకొచ్చారని రాసి, కింద సంతకం పెట్టమంటే పెట్టాడు. బావ నడక దారిలో వచ్చేసి ఉంటాడనీ, కంగారులో దీపంతో సహా ఇంటికే పోయి ఉంటాడనీ అనుకున్నాడు. సాయంత్రం ఇంటికి పోతుంటే చెల్లెమ్మ గుమ్మంలో నిలబడి, "ఆయన ఇంకా రాలేదేం అన్నయ్యా?" అంది. "వస్తాడులే అమ్మా," అన్నాడు. మర్నాడు తెల్లవారుతూనే వెళ్ళి గట్టు చూశాడు. ఖాళీ. ఆఫీసు మెట్ల దాకా వెళ్ళాడు. ఉద్యోగం, కేసు, కంపెనీ ఆసుపత్రిలో భార్య మందులు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. మెట్లు ఎక్కకుండానే తిరిగొచ్చాడు. ఆ సాయంత్రం, నీళ్ళు మిగతా గనిలోకి రాకుండా, కూలిన వైపు అడ్డంగా ఇటుక గోడ కట్టేశారు. గోడ కట్టాక చెప్పి ఏం లాభం అనుకున్నాడు. కట్టకముందు చెబితే ఏమవుతుందో అని భయపడ్డాడు. ఆ భయానికీ ఈ అనుకోవడానికీ మధ్య ఒక రోజంతా ఉంది. అంతకు రెండేళ్ళ ముందు అదే గనిలో, అలాంటి చోటు నుంచే, మూడు రోజులు తవ్వి ఇద్దరిని ప్రాణాలతో తీశారు.

బోర్డు చెప్పింది కనక పంపు మనిషి పైకొచ్చాడు. ఇంటికి రాలేదు కనక ఎటో పోయాడు. ఊరికి ఇంతకన్నా ఏం కావాలి? ఎవరితో పోయాడో కూడా వాళ్ళే తేల్చేశారు.

గురువారం మధ్యాహ్నం దీపాలాయన పదిహేడో నంబరు గుమ్మం ఎక్కాడు. కూతురు సామాను కట్టడానికి తాళ్ళు తెస్తానని బజారుకు పోయింది. చెల్లెమ్మ పొయ్యి దగ్గర చిన్న గిన్నెలో పిండి ఉడికిస్తోంది. పక్కన కత్తిరించిన కాగితం, ఈసారి చారల్లేనిది. నిండా గుడ్డలు కుక్కిన గోడ పగులులోంచి ఎండ సన్నగా లోపలికి పడుతోంది.

"నీ గిన్నె ఇంకా పెట్టలేదు, అప్పుడే ఆకలా?" అందావిడ. "కూర్చో. ఆ మూల కాదు, అటు జారిపోతావు."

ఆయన కూర్చున్నాడు. రాత్రంతా కూడబలుక్కున్న అబద్ధం నోటి దాకా తెచ్చుకున్నాడు.

"చెల్లెమ్మా, ఒక కబురు తెలిసింది. నీకు చెప్పాలా వద్దా అని... బావ పోయాడట. దూరపు ఊళ్ళో. రెండేళ్ళయిందట."

గరిటె ఆగలేదు. "ఎవరు చెప్పారు?"

"ఒక లారీ డ్రైవరు."

"ఏ లారీ? ఏ ఊరు?"

ఈయన నీళ్ళు నమిలాడు. ఆవిడ గిన్నె దించి, కొంగుతో చేతులు తుడుచుకుని, నవ్వింది. "నీకు అబద్ధం చేతకాదు అన్నయ్యా. మా పిల్ల పంపింది కదూ? దానికేం తెలుసు, మీకెవరికీ తెలియదు. నేనెందుకు కదలనంటున్నానో చెప్పనా?"

ఆవిడ గొంతు తగ్గించింది. ఆ ఇంట్లో వినడానికి ఇంకెవరూ లేరు, అయినా తగ్గించింది.

"ఆ రోజు పొద్దున్న గొడవపడ్డాం. పిల్లకి బళ్ళో ఆట ఉంది, మూడింటికి వచ్చి చూడండి నాన్నా అని వారం రోజుల్నించీ ప్రాణం తీస్తోంది. పంపు వదిలి రాలేనన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఎప్పుడు చూసినా పంపు, పంపు. 'అయితే ఆ పంపునే కట్టుకోండి. దాని పక్కనే పక్కేసుకుని పడుకోండి, ఇంటికి రాకండి,' అన్నాను. ఆయన ఒక్క మాట అనలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఊరంతా ఎవత్తో అంటారు గానీ, నాకు తెలుసుగా, ఆయన నా మాటకే పోయారు. ఎప్పటికైనా కోపం తగ్గి వస్తారు. వస్తే ఆ మాట వెనక్కి తీసుకోవాలి. కొత్త కాలనీలో ఆయనకి నేనెక్కడ దొరుకుతాను?"

 ఒక ప్రాణం తన మెడకు చుట్టుకుందని దీపాలాయన ఇన్నేళ్ళూ అనుకున్నాడు. అది చాలక ఈ మనిషి ఇరవై ఒక్కేళ్ళుగా తన నోటినే తిట్టుకుంటూ గుమ్మంలో కూర్చుందని ఆయనకు ఇప్పుడే తెలిసింది. తను ఒక్క మాట అంటే పోయే శాపం అది.

"నీ మాటకి పోలేదమ్మా," అన్నాడు. "బావ ఎటూ పోలేదు."

తరవాత ఆపలేకపోయాడు. కొక్కేనికే ఉన్న బిళ్ళ, అరలో పెట్టిన పాడు దీపం, కిటికీ గట్టు, బండ్లు తోసేవాడు అన్న మాట, తను అన్న మాట, సంతకం, ఆఫీసు మెట్లు. ఏదీ దాచలేదు, దేనికీ సాకు చెప్పలేదు. ఒక్కచోట మాత్రం, "నాకు మీ వదిన మందులు..." అని మొదలుపెట్టి, తనకే సిగ్గేసి మానేశాడు.

 గిన్నెలో పిండి చల్లారి మీద మీగడ కట్టింది.

"అయితే నామీద కోపంతో పోలేదా?" అంది చివరికి.

"లేదమ్మా. పొద్దున్న దీపం ఇస్తుంటే నాతో ఏమన్నాడో తెలుసా? 'మీ చెల్లెలు ఇవాళ నన్ను పంపుకిచ్చి పెళ్ళి చేసింది బావా, శుభలేఖ ఇస్తా రా,' అన్నాడు. ఇవాళ తొందరగా తెమిలితే బడికి పోతానని కూడా అన్నాడు."

ఆవిడ మొహం ఒక్క క్షణం వెలిగింది. నిజంగానే వెలిగింది, ఇరవై ఒక్కేళ్ళ బరువు ఎవరో దించినట్టు. అంతలోనే ఏదో తట్టి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"దాని పక్కనే పడుకోమన్నాను," అంది. "అక్కడే పడుకున్నారు."

వెక్కి వెక్కి ఏడవలేదు. కళ్ళలోంచి నీళ్ళు వాటంతట అవి కారుతుంటే తుడుచుకోనైనా తుడుచుకోకుండా కూర్చుంది. దీపాలాయన తిడుతుందని ఎదురుచూశాడు. దుమ్మెత్తి పోస్తే, చీపురు తీసుకుంటే ఆయన ప్రాణం హాయిగా ఉండేది. ఆవిడ మామూలు గొంతుతో ఇంకో సంగతి అడిగింది.

"ఆ దీపం ఎంతసేపు వెలుగుతుంది అన్నయ్యా?"

ఇది ఆయన పనికి సంబంధించిన ప్రశ్న. ముప్పై రెండేళ్ళు ఎవరడిగినా తడుముకోకుండా చెప్పిన జవాబు. ఇప్పుడూ అలాగే నోట్లోంచి వచ్చేసింది.

"పన్నెండు గంటలు. నేను చార్జింగ్ పెట్టిన దీపం ఒక్క నిమిషం తగ్గదు."

"పొద్దున్న ఎన్నింటికి ఇచ్చావు?"

"ఆరింటికి."

"బిళ్ళ ఉందని ఎన్నింటికి అన్నావు?"

  ఐదింటికని ఇందాకే చెప్పాడు, ఆవిడకు గుర్తుంది.

"ఇంకా గంట ఉంది," అంది చెల్లెమ్మ.

బజారు నుంచి కూతురు వచ్చిన చప్పుడయింది. ఆవిడ లేచి, ఉడికించిన పిండిని తొట్టిలో పారబోసి, గిన్నె కడిగింది. వీపు ఇటు పెట్టే చెప్పింది: "పిల్లకి నేను చెప్పను. రేపు అందరూ ఉంటారు. అప్పుడు నువ్వే చెప్పు. మా ఆయన్ని ఏమన్నారో అందరూ అన్నారు, అందరూ వినాలి."

శుక్రవారం పొద్దున్న లారీ వచ్చింది. దీపాలాయన సామాను కూడా అందులోనే పోవాలి. కొత్త కాలనీలో రెండిళ్ళూ పక్కపక్కనే ఇప్పించమని గుమాస్తాను బతిమాలుకుని రాయించుకున్నది ఆయనే. మిగిలిన నాలుగు గడపల వాళ్ళూ సాగనంపడానికి వచ్చారు. వాళ్ళలో బండ్లు తోసిన మనిషి కూడా ఉన్నాడు, ఇప్పుడు కర్ర ఊతంతో.

మంచం, పెట్టె, పొయ్యి లారీ ఎక్కాక చెల్లెమ్మ ఆయన వైపు చూసింది. ఆయన లారీ పక్కన నిలబడి చెప్పాడు. మాటలు సరిగ్గానే వచ్చాయి. నిన్నంతా అవే మాటలు తిరిగాయి లోపల. చివర, "పంపు మనిషి లేచిపోలేదు. పని మీద ఉండగా పోయాడు. నేను నోరు మూసుకున్నాను," అన్నాడు.

 బండ్లు తోసిన మనిషి కర్ర మీద రెండు చేతులూ ఆనించి, "నేను చెప్పాను కదరా," అన్నాడు, ఎవరితోనో కాదు, గాలితో. "కిందే ఉన్నాడని చెప్పాను కదరా. నా కళ్ళని నేనే నమ్మలేదు, మీ బోర్డుని నమ్మాను."

కండక్టరు పిల్ల చేతిలో తాడు అలాగే ఉంది. వెనక సీటు దాకా వినపడే గొంతు ఆ పూట పక్కవాళ్ళకు కూడా సరిగా వినపడలేదు.

"ప్రతి బస్టాండులోనూ తిట్టాను," అంది. "ఇన్నేళ్ళూ తిట్టుకుంటూనే తిరిగాను, మావ..."

సగంలో ఆపేసింది. పుట్టినప్పటి నుంచీ అలవాటైన పిలుపు, నోటి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. పూర్తి చెయ్యలేదు. తాడు కింద పడేసి వాళ్ళమ్మ భుజం మీద తల పెట్టుకుంది.

కాసేపటికి చెల్లెమ్మ ఇంట్లోకి వెళ్ళి, గోడ మీది కాగితాన్ని తన చేత్తోనే పీకేసింది. తలుపు వెయ్యలేదు, ఎలాగూ పడదు. బయటికొచ్చి డ్రైవరుతో, "పాత గని దగ్గర ఒక నిమిషం ఆపు బాబూ," అంది. దీపాలాయన తన ట్రంకు పెట్టె ఎత్తబోతుంటే ఆయన మొహం చూడకుండా అంది.

"నీ సామాను రెండో ట్రిప్పులో వేసుకో."

కోపంగా అనలేదు. అన్నయ్యా అని కూడా అనలేదు. ఆయన పెట్టె దించేశాడు.

లారీ వరుస చివర తిరిగి గని వైపు పోయింది. ఆయన రోడ్డు మీదికి వచ్చి నిలబడి చూశాడు. కాంక్రీటుతో మూసేసిన గని నోటి దగ్గర లారీ ఆగింది. తల్లీకూతుళ్ళు దిగారు. కూతురు కాస్త వెనకే ఆగిపోయింది. చెల్లెమ్మ ముందుకు వెళ్ళి, వంగి, ఆ కాంక్రీటు మీద అరచెయ్యి ఆనించింది. ఏదో అంటోంది. అంత దూరానికి వినపడలేదు. ఇరవై ఒక్కేళ్ళుగా వెనక్కి తీసుకోవాలనుకున్న మాట, అప్పుడు వెనక్కి తీసుకునే ఉంటుంది.

లారీ కనుమరుగయ్యాక దీపాలాయన ఇంటికి వచ్చాడు. మధ్యాహ్నం కావస్తోంది. రెండో ట్రిప్పు ఎప్పుడొస్తుందో గుమాస్తా చెప్పలేదు, ఈయన అడగలేదు. అలవాటు చొప్పున కళ్ళు కిటికీ వైపు పోయాయి.

గట్టు మీద ఆయన గిన్నె ఉంది. తళతళలాడేలా తోమి, బోర్లించి ఉంది.